వాలు

తాళం తిప్పితే టిక్కుమంటుంది, అంతే,
గిట్టని మాట విన్నవాళ్లు నాలుక చప్పరించినట్టు.
ఫిబ్రవరి నుంచీ ఇదే వరస.
అప్పట్నుంచీ మేం వాలు మీదే బతికాం.
ఎక్కడికి వెళ్లినా ముందు చూసుకునేది
రోడ్డు ఎటు దిగుతోందనే.
చియాతురాలో వాలుకేం కరువు,
ఊరంతా లోయ గోడలకి అతికించిందే.
అయినా రొట్టెల కొట్టు ముందు చదును.
మందుల షాపు దగ్గర ఆపి
రొట్టె కోసం వెనక్కి నడిచేదాన్ని.
వచ్చి, బ్రేకు వదిలి, రెండో గేరు వేసి,
దొర్లుతుండగా క్లచ్చి వదిలితే
ఒక్క తుమ్ము తుమ్మి లేచేది
మా ముసలి జిగులి.
చదును వీధుల చుట్టాల ఇళ్లకి
రాకపోకలు తగ్గాయి ఆ నెలంతా.

జెస్తఫోని సంతలో పాత స్టార్టరు దొరికిందని
మా చెల్లెలి కొడుకు గోచా పట్టుకొచ్చాడు.
ఎంతకు కొన్నాడో చెప్పడు.
పేపర్లో చుట్టిన గొర్రె తొడంత బరువు.

"ముందు బ్యాటరీ నల్ల తీగ విప్పు"
అన్నాడు జౌర్, పీట మీద కూర్చుని.
నాకు తెలుసు.
ముప్పై ఏళ్లు టార్చి పట్టినదాన్ని,
వెలుగు పడ్డంత మేరా
ఈ బండి కడుపు నాకు కొత్త కాదు.

అట్టముక్క పరిచి కిందికి దూరాను.
మంచు కరిగిన బురద వీపుకి తగిలింది.
పదమూడో నంబరు పానా.
మూడు బోల్టులు.
రెండు లొంగాయి, తుప్పు కళ్లలో రాల్చి.
మూడోది పొగగొట్టం వెనక,
వేళ్లకి తప్ప కంటికి ఆనదు.
వెలుగేమో గేరుపెట్టె మీద, నా మణికట్టు మీద,
బురద మీద, మళ్లీ పెట్టె మీద.

"లైటు తిన్నగా పట్టలేవూ!"

అనేశాక తెలిసింది,
అది ఆయన మాట.
ముప్పై ఏళ్లు ఈ బండి కిందినుంచే
నన్నన్న మాట.

పైన ఏ చప్పుడూ లేదు.
రోప్‌వే గదుల్ని లోయ మీదుగా
చేతిలో పాలగిన్నె ఉన్న ముసలమ్మ కూడా తొణకకుండా
ఇరవయ్యారేళ్లు నడిపిన చేతులవి.
ఇప్పుడు టీ గ్లాసు సగమే పోస్తాను.

కాసేపటికి వెలుగు ఆగింది.
మేకు కొట్టినట్టు బోల్టు మీదే నిలిచింది.
ఎలా ఆగిందో అడగలేదు.

మూడో అంతస్తు కిటికీలోంచి ఎలిసో
దుప్పటి దులుపుతూ అరిచింది,
"మొగుడుండగా నువ్వు దూరావేమే, త్సియలా?"
"దాని చేతులు సన్నం," అన్నాడు జౌర్,
"సందుల్లోకి పోతాయి."
అబద్ధం.
ఈ ఏడు నాకన్నా ఆయన చేతులే సన్నబడ్డాయి.

ఆఖరి బోల్టు ఊడగానే
పాత స్టార్టరు నా రొమ్ము మీద పడింది.
బూతు ఒకటి తిట్టాను, ఎలిసోకి వినబడేలా.
పళ్లన్నీ అరిగిపోయాయి దానికి, నున్నగా.
కొత్తదాన్ని ఒక చేత్తో ఎత్తిపట్టి
రెండో చేత్తో మర కలిపేసరికి
భుజం నాది కాకుండా పోయింది.
లావు తీగ. సన్న తీగ. నల్ల తీగ ఆఖర్న.

బయటికి జరిగి చూస్తే
టార్చి జాకీ కాడకి కట్టేసి ఉంది,
ఆయన మెడలోని మఫ్లరుతో.
ఆయన చేతులు రెండూ కోటు జేబుల్లో.

తాళం ఆయనకే ఇచ్చాను.
కన్నం చుట్టూ రెండుసార్లు గీసి, దూర్చి, తిప్పాడు.
జిగులి లేచింది.
ఎలిసో దుప్పటి దులపడం ఆపింది.
"చదును మీద," అన్నాడు జౌర్,
జ్వరం దిగిన పిల్లాడి నుదురు తాకినట్టు
స్టీరింగు మీద అరచెయ్యి పెట్టి.

ఆదివారం రొట్టెల కొట్టు ముందే ఆపాను.
ఇంజను ఆపి, దిగకుండా, మళ్లీ తాళం తిప్పాను.
మళ్లీ ఒకసారి.
అద్దం లోపల రొట్టెలమ్మే పిల్ల నవ్వింది.

ఇంటికొచ్చి మాత్రం
ముక్కు లోయవైపు పెట్టి, వాలు మీదే నిలిపాను.
ఎందుకని జౌర్ అడగలేదు.
రొట్టె ఒళ్లో పెట్టుకుని
తలుపు పిడి కోసం వెతుక్కుంటున్నాడు.
నేను దిగి అటు వెళ్లలేదు.
దొరికేదాకా
పక్కనే కూర్చున్నాను.